జలాశయాల మట్టం పక్కనే బోరుబావి మట్టమూ అచ్చు వేయండి

సంపాదకులు గారికి,
నమస్కారాలు.

మీ పత్రికలో ప్రతిరోజూ ఒక మూలన శ్రీశైలం, నాగార్జునసాగర్ జలాశయాల నీటిమట్టం అచ్చవుతుంది. కృష్ణకు వరద వస్తోందంటే చాలు, ఆ రెండు వరుసల కోసమే మా ఊరి టీ కొట్టు దగ్గర పత్రిక పది చేతులు మారుతుంది. శ్రీశైలం నిండు మట్టం 885 అడుగులనీ, సాగర్‌ది 590 అడుగులనీ బడి గడప తొక్కనివారు కూడా తడుముకోకుండా చెబుతారు. అదే మనిషిని ఆయన చేలో బోరు నీళ్లు ఎంత లోతున ఉన్నాయో అడిగి చూడండి. బోరు ఎన్ని అడుగులు వేయించాడో, మోటారు ఎన్ని అడుగులకు దించాడో, దానికి ఎంత అప్పు చేశాడో చెబుతాడు గాని, నీళ్లు ఇవాళ ఎక్కడ ఉన్నాయో చెప్పలేడు. నేను ఉమ్మడి ప్రకాశం జిల్లా కనిగిరి ప్రాంతం వాణ్ణి. ముప్పై ఏళ్లకు పైగా ఈ జిల్లా పాఠశాలల్లో సైన్సు చెప్పి పదవీ విరమణ చేశాను. మా వైపు కొన్ని ఊళ్లకు సాగర్ నీళ్లు తాగడానికి గొట్టాల్లో వస్తున్నా, సేద్యం చాలామటుకు వాన మీద, బోరు మీద నడుస్తుంది. ఎక్కడో వందకు పైగా కిలోమీటర్ల అవతల ఉన్న జలాశయం లెక్క రోజూ చదువుతూ, కాళ్ల కింద ఉన్న జలాశయం లెక్క మాత్రం ఏడాదికొక్కసారి కూడా తెలియకుండా బతుకుతున్నాం. మీ పత్రిక తలుచుకుంటే ఈ లోటు చాలావరకు తీరుతుందన్న నమ్మకంతో ఈ ఉత్తరం కాస్త వివరంగానే రాస్తున్నాను.

భూమిలోని నీటిని ఎవరూ కొలవడం లేదని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ భూగర్భ జల శాఖలు ఉన్నాయి. మోటారు బిగించకుండా, కేవలం నీటిమట్టం చూడడానికే వేసిన పరిశీలక బోర్లు వారికి జిల్లా జిల్లాలో ఉన్నాయి. వీటిని పీజోమీటర్లు అంటారు. వాటిలో చాలావాటికి మనిషి వెళ్లకుండానే మట్టాన్ని నమోదు చేసే పరికరాలు అమర్చారు. నెలనెలా మండలాల వారీగా సగటు తీసి నివేదికలు తయారు చేస్తారు. ఇదికాక కేంద్ర భూగర్భ జల మండలి తన పరిశీలక బావులను ఏడాదికి నాలుగుసార్లు చూస్తుంది. ఏటా ఊరే నీరెంత, తోడే నీరెంత అని లెక్క కట్టి, తోడకం నూటికి 70 పాళ్లు దాటని ప్రాంతాన్ని సురక్షితమనీ, 100 దాటినదాన్ని మితిమీరి తోడినదనీ, మధ్యలో ఉన్నవాటిని వాటి వాటి స్థాయిని బట్టి వర్గీకరించి ప్రకటిస్తున్నారు. ఇందులో ఏదీ రహస్యం కాదు, అంతర్జాలంలో ఎవరైనా చూడవచ్చు. అయితే ఆ పట్టికలు ఎక్కువగా ఇంగ్లీషులో, భూమట్టానికి ఇన్ని మీటర్ల దిగువన అనే లెక్కలో ఉంటాయి. మా రైతు అడుగుల్లో ఆలోచిస్తాడు, నీటి ధారను అంగుళాల్లో చెబుతాడు. కొలిచే ఆఫీసుకూ కొలత అవసరమైన మనిషికీ మధ్య తెగిన దారం అక్కడే ఉంది.

ఈ అంకెలు రైతుకు దేనికి పనికొస్తాయని అడిగేవారు ఉంటారు. మా నేలల సంగతి చెప్పాలి. రాయలసీమలోనూ, మా పడమటి మండలాల్లోనూ, తెలంగాణలో అధిక భాగంలోనూ కింద ఉన్నది గట్టి రాయి. నీరు నిలిచేది ఆ రాయి పైభాగం చివికిన పొరలోనూ, దాని కింది పగుళ్లలోనూ మాత్రమే. చివికిన పొర మొత్తంలో తోడుకోవడానికి వీలైన నీరు నూటికి రెండు మూడు పాళ్లకు మించదు. రెండు పాళ్లే అనుకుందాం. అప్పుడు ఒక ఎకరం కింద ఒక మీటరు మందం పొరలో ఉండేది సుమారు 80 వేల లీటర్లు. రెండు వందల లీటర్ల డ్రమ్ము యాభై సెకన్లలో నిండే బోరును రోజుకు ఏడు గంటలు ఆడిస్తే లక్ష లీటర్లు బయటికి వస్తాయి. అంటే ఆ ఎకరం కింద మీటరుకు పైగా నీరు ఒక్క రోజులో తోడేసినట్టు; చుట్టుపక్కల చేల కింద నుంచి ఊట వస్తుంది కాబట్టి ఆ సంగతి పైకి తెలియదు. ఎకరం మీద ఒక మిల్లీమీటరు నీరు నిలిపితే నాలుగు వేల లీటర్లు. వరికి 1,200 మిల్లీమీటర్లు కావాలనుకుంటే ఎకరానికి 48 లక్షల లీటర్లకు పైమాటే. మడిలో నుంచి కొంత నీరు మళ్లీ కిందికి ఇంకుతుంది నిజమే, ఆ మేరకు తగ్గించుకున్నా అది పెద్ద అంకే. వేరుశనగకు 500 మిల్లీమీటర్లు లెక్కేసుకుంటే 20 లక్షల లీటర్లు చాలు. ఇదే లెక్కను తిరగేస్తే మరొక విషయం బోధపడుతుంది. వంద మిల్లీమీటర్ల వాన పడి అందులో పదో వంతు భూమిలోకి దిగితే, అదే రెండు పాళ్ల రాయిలో నీటిమట్టం అర మీటరు పైకి వస్తుంది. మా రాయి త్వరగా ఖాళీ అవుతుంది, త్వరగానే నిండుతుంది. బ్యాంకు ఖాతాలో పెద్ద మొత్తం ఉన్నవాడు నెల నెలా పుస్తకం చూసుకోకపోయినా నడుస్తుందేమో గాని, చిల్లరతో బతికేవాడికి లెక్క తప్పదు కదా.

ఈ లెక్కలు రైతులకు అంతుపట్టవనే మాటను నేను ఒప్పుకోను, ఎందుకంటే కళ్లారా చూశాను. ఉమ్మడి రాష్ట్రంలో 2003 నుంచి కొన్నేళ్లపాటు అనంతపురం, కడప, కర్నూలు, చిత్తూరు, ప్రకాశం, నల్గొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో, ఆరు వందలకు పైగా ఊళ్లలో, భూగర్భ జలాన్ని రైతులే కొలుచుకుని నడుపుకునే ఒక ప్రాజెక్టు సాగింది. నెదర్లాండ్స్ ప్రభుత్వం నిధులిచ్చింది, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ సాంకేతిక సాయం అందించింది, నంద్యాల కేంద్రంగా పనిచేసే బర్డ్స్ అనే స్వచ్ఛంద సంస్థ మరికొన్ని సంస్థలను కలుపుకుని నడిపించింది. ఆ రోజుల్లో నేను గిద్దలూరు వైపు ఒక ఉన్నత పాఠశాలలో పనిచేసేవాణ్ణి. అక్షరాలు కూడబలుక్కుని చదివే ఆడవాళ్లు పదిహేను రోజులకోసారి టేపు పట్టుకుని బోర్ల దగ్గరికి వెళ్లేవారు. టేపు చివరి గుండు నీటిని తాకగానే పైన కీచుమని శబ్దం వచ్చేది. ఆ దగ్గర వేలు పెట్టి అంకె చదివి పుస్తకంలో రాసుకునేవారు. డ్రమ్ము పెట్టి, గడియారం చూసి బోరు ధార కొలిచేవారు. ఊళ్లోనే వానమాపకం ఉండేది. ఆ అంకెలన్నీ ఊరి మధ్య గోడ మీద రంగుతో రాసేవారు. రబీ విత్తనానికి ముందు వాగు పరీవాహకంలోని ఊళ్లవాళ్లంతా ఒకచోట చేరి, వర్షాకాలంలో ఊరిన నీరెంత, ఎవరెవరు ఏ పంట ఎన్నెకరాలు వేయదలిచారు, దానికి నీరెంత కావాలి అని కూడికలు తీసివేతలు వేసేవారు. చివర లోటు తేలితే పెద్ద చర్చ జరిగేది. నేను వెళ్లిన ఒక సమావేశంలో ఇద్దరు అన్నదమ్ములు వరి సంగతి మీద అందరి ముందే పోట్లాడుకున్నారు కూడా.

ఆ ప్రాజెక్టులో ఫలానా పంట వేయవద్దని ఎవరూ ఆంక్ష పెట్టలేదు, వేయనందుకు డబ్బూ ఇవ్వలేదు. సమాచారం ముందు పెట్టి నిర్ణయం రైతుకే వదిలేశారు. దేశ విదేశాల నిపుణులు వచ్చి చూసి మెచ్చుకున్నారు, ప్రపంచ బ్యాంకు తన నివేదికలో ప్రస్తావించింది. అయితే నిజం మొత్తం చెప్పాలి కాబట్టి రెండో సగమూ చెబుతాను. ప్రాజెక్టు కాలం ముగిశాక వెళ్లి చూసిన పరిశోధకులకు చాలాచోట్ల కొలతలు ఆగిపోయి కనిపించాయి. వరి తగ్గడానికి ఆ లెక్కలే కారణమా, వేరే కారణాలున్నాయా అని సందేహించినవారూ ఉన్నారు. నేను చూసిన ఊళ్లోనూ గోడ మీది అంకెలు ఒక వేసవిలో ఆగిపోయి, తర్వాత ఆ గోడకు సిమెంటు కంపెనీ ప్రకటన వచ్చింది. ఎందుకు ఆపారని అడిగితే "ప్రాజెక్టు అయిపోయింది సార్" అన్నారు. బోర్లు అవే ఉన్నాయి, వాన అదే పడుతోంది, అయిపోయిందల్లా టేపుకు బ్యాటరీ కొనిపెట్టే మనిషి, నెలకోసారి పుస్తకం చూసి బాగుందనే మనిషి. సమాచారం ఒక్కటే సరిపోతుందని నేను అనను. కానీ సమాచారం లేని ఊరు తర్వాతి అడుగు ఏదీ వేయలేదు.

ఇక్కడ ఒక సంగతి మనసుకు కష్టం కలిగిస్తుంది. 2019 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వం ఆరు వేల కోట్ల రూపాయల అంచనాతో, అందులో సగం ప్రపంచ బ్యాంకు రుణంగా, అటల్ భూజల్ యోజన ప్రారంభించింది. పంచాయతీ స్థాయిలో నీటి బడ్జెట్ వేయడం, ప్రజలే మట్టాలు కొలవడం, దాన్నిబట్టి ప్రణాళిక రాసుకోవడం దాని సారాంశం. దాదాపు ఇదంతా మన రైతులు పదిహేనేళ్ల ముందు చేసి చూపించిందే. ఆ పథకానికి ఎంచుకున్నవి గుజరాత్, హర్యానా, కర్ణాటక, మధ్యప్రదేశ్, మహారాష్ట్ర, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్ అనే ఏడు రాష్ట్రాలు. మన రెండు రాష్ట్రాలూ అందులో లేవు. మహారాష్ట్రలోని హివ్రే బజార్ గ్రామం ఏటా గ్రామసభలో నీటి లెక్క చూసుకుని పంటలు నిర్ణయించుకుంటుందని మన పత్రికలు ఎన్నోసార్లు రాశాయి. రాయవలసిందే. మన గుండ్లకమ్మ, సగిలేరు ఒడ్డున జరిగినదాని గురించి కూడా అంత ఓపిగ్గా రాసి ఉంటే బాగుండేదని మాత్రం నా ఫిర్యాదు.

నీటి పరిమాణం ఒక ఎత్తు, నాణ్యత మరో ఎత్తు. నాణ్యత గురించి మాట్లాడే హక్కు మా ప్రాంతానికి ఎక్కువే ఉందనుకుంటాను. మన దేశంలో తాగునీటి ఫ్లోరైడు వల్ల మనుషుల ఎముకలు దెబ్బతింటున్నాయని తొలిసారి వైద్య పత్రికకు ఎక్కింది 1937లో. ఆ రోగులు అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీ నెల్లూరు జిల్లావారు. దర్శి, పొదిలి, కనిగిరి అప్పట్లో నెల్లూరు జిల్లాలోవే. 1970లో కొత్త జిల్లా ఏర్పడినప్పుడు ఇటు వచ్చాయి. తర్వాత నల్గొండ పేరు ఎక్కువగా వినిపించింది గాని, గారపట్టిన పళ్లు, వంగిన కాళ్లు, నలభై ఏళ్లకే బిగుసుకుపోయిన నడుములు మా తరగతి గదుల్లోనూ వీధి అరుగుల మీదా చూస్తూ పెరిగినవాళ్లం మేము. మా రాతిలోని ఫ్లోరిన్ ఖనిజాలు మెల్లగా నీటిలో కరుగుతాయి. నీరు రాతితో ఎంత ఎక్కువకాలం ఉంటే అంత కరుగుతుంది. నీటిలో సున్నం పాలు తక్కువగా ఉన్నచోట మరింత కరుగుతుంది. అందుకే పాత చేదబావి నీళ్లకూ, ఎనిమిది వందల అడుగుల బోరు నీళ్లకూ ఒకే ఊళ్లో అంత తేడా కనిపిస్తుంది. మట్టం పడిపోవడమూ, నాణ్యత చెడడమూ వేర్వేరు కష్టాలని ఆఫీసులు విడదీసి చూస్తాయి గాని, లోతుకు పోయే కొద్దీ మొదటిది రెండోదాన్ని వెంటబెట్టుకు వస్తుందని మా ఇళ్లలో అందరికీ తెలుసు.

తాగునీటికి భారత ప్రమాణాల సంస్థ పెట్టిన హద్దు లీటరుకు 1 మిల్లీగ్రాము ఫ్లోరైడు. మరో మంచినీటి వనరు లేనప్పుడు 1.5 వరకు ఒప్పుకుంటారు. నైట్రేటుకు హద్దు 45 మిల్లీగ్రాములు. కరిగిన లవణాలు మొత్తం 500 దాకా ఉంటే మంచిది, గత్యంతరం లేకపోతే 2,000 వరకు సరిపెట్టుకోవచ్చు. మలం నుంచి వచ్చే ఈ.కోలి సూక్ష్మజీవి వంద మిల్లీలీటర్లలో ఒక్కటి కూడా కనిపించకూడదు. ఈ నాలుగు అంకెలూ వంటింటి గోడ మీద ఉండవలసినవి. ఇవి తెలియకపోవడం వల్లే నీటిని మరిగిస్తే ఫ్లోరైడు పోతుందని నేటికీ చాలామంది నమ్ముతున్నారు. మరిగిస్తే సూక్ష్మజీవులు చస్తాయి. ఫ్లోరైడు అలాగే ఉండి, నీరు ఆవిరైన మేరకు లీటరుకు దాని పాలు పెరుగుతుంది. గుడ్డతో వడగట్టినా ఫ్లోరైడు పోదు.

పరీక్షకు సాధనాలు లేవా అంటే ఉన్నాయి. జల్‌జీవన్ మిషన్ కింద ప్రతి ఊళ్లో ఐదుగురికి, వీలైనంతవరకు మహిళలకు, చేతిపెట్టెతో నీటిని పరీక్షించడం నేర్పాలని నిర్ణయించారు. ఫ్లోరైడు పరీక్షలో చుక్కల మందు వేసిన నీరు గులాబీ రంగు వదిలి పసుపు వైపు మళ్లే కొద్దీ ఫ్లోరైడు ఎక్కువన్నమాట. సూక్ష్మజీవుల పరీక్షకు నీరు పోసిన సీసాను ఒకటి రెండు రోజులు వదిలేస్తారు, నల్లబడితే అనుమానించాలి. ఇవి నా ఎనిమిదో తరగతి పిల్లలు కూడా చేయగలిగినవి, చేశారు కూడా. అనుమానం తేలినప్పుడు పంపడానికి గ్రామీణ నీటి సరఫరా విభాగం ప్రయోగశాలలు జిల్లాల్లో ఉన్నాయి. కొద్దిపాటి రుసుముతో సామాన్యులు కూడా ఇంటి నీటిని పరీక్ష చేయించుకునేలా ఇటువంటి ప్రయోగశాలల తలుపులు తెరవాలని కేంద్రం 2021లోనే చెప్పింది. రసాయన పరీక్ష ఏడాదికొకసారి, సూక్ష్మజీవుల పరీక్ష రెండుసార్లు జరగాలన్నది నియమం.

కాగితం మీద ఇంత బాగా ఉన్నది ఊళ్లోకి వచ్చేసరికి ఎలా మారుతుందో నా అనుభవం ఒకటి చెబుతాను. కొన్నేళ్ల కిందట మా బడి బోరు నీటిని రెండు సీసాల్లో పట్టించి, తేదీ, చోటు రాసి అతికించి, ఒక ప్రయోగశాలకు స్వయంగా తీసుకువెళ్లి ఇచ్చాను. వారం తర్వాత రమ్మన్నారు. వెళ్తే, సంబంధిత ఉద్యోగి సెలవులో ఉన్నాడన్నారు. మూడోసారి ప్రయాణం అయ్యాక, సుమారు నాలుగు నెలలకు, ఇంగ్లీషులో పద్దెనిమిది వరుసల అంకెలున్న కాగితం ఒకటి చేతికొచ్చింది. అందులో మా బడి పేరు లేదు, కేవలం ఒక నంబరు ఉంది. ఆ నీరు పిల్లలు తాగవచ్చా తాగకూడదా అనే ఒక్క ముక్క ఎక్కడా లేదు. అది చేతికొచ్చేనాటికి ఆ బోరు ఎండిపోయి, కొత్త బోరు వేయించుకున్నాం. ఎవరినీ వేలెత్తి చూపడానికి ఇది రాయడం లేదు. అక్కడి సిబ్బంది తక్కువ, పని ఎక్కువ అని నాకు తెలుసు. నీటి కాగితం నీరు తాగేవాడి కోసం తయారవడం లేదు, పైఆఫీసు కోసం తయారవుతోందన్నదే నా బాధ.

ఆ ఖాళీలోకి ఎవరు వచ్చారో మీకు తెలియనిది కాదు. ఈనాడు ప్రతి ఊళ్లో మినరల్ వాటర్ ప్లాంటు ఉంది. ఫ్లోరైడు ప్రాంతాల్లో ఆ యంత్రాలు ఎందరి ఎముకలనో కాపాడాయి, కాదనను; వరంగల్ కేంద్రంగా ఉన్న బాలవికాస వంటి సంస్థలు గ్రామ సంఘాల చేతికే శుద్ధి కేంద్రాలను అప్పగించి, లెక్క డొక్క చూపిస్తూ నడిపించిన తీరు మెచ్చదగ్గది. కానీ అదే యంత్రం ప్రతి బిందెకు ఒకటి రెండు బిందెల ఉప్పునీటిని బయటికి తోస్తుంది. ఆ నీటిని చాలాచోట్ల బోరు పక్కనే పారబోస్తున్నారు. తోడిన చోటికే మరింత చిక్కటి ఉప్పు చేరుతుంది. లవణాలు 500 లోపే ఉన్న నీటికి ఆ యంత్రం అక్కర్లేదని, అటువంటి చోట దాన్ని నిషేధించాలని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2019లో ఆదేశించింది. తమ బోరు నీటిలో లవణాలు ఎంతో తెలిసిన గృహస్థు మా వీధిలో ఒక్కరూ లేరు, అందుచేత ఆ ఆదేశం ఎవరికి వర్తించేదో ఎవరికీ తెలియదు. ఇంతకన్నా పాత, చవక పద్ధతి ఒకటి మన దేశంలోనే పుట్టిందని కూడా గుర్తు చేయాలి. నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ 1970లలో పటిక, సున్నం, బ్లీచింగ్ పొడి కలిపి ఫ్లోరైడును మడ్డిగా దించే విధానాన్ని రూపొందించి, దానికి నల్గొండ పేరే పెట్టింది. పటిక మోతాదు రోజూ సరిగ్గా చూడకపోతే నీటిలో అల్యూమినియం మిగులుతుందన్న చిక్కు దానికి ఉంది, మడ్డిని పారేయడమూ సమస్యే. ఏ పద్ధతి అయినా రోజూ చూసే మనిషి మీదే ఆధారపడి ఉందన్నమాట.

సలహా అడగడానికి మనకు సంస్థలు కరువు కాదు. హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని వాలంతరి అనే సంస్థ నీటి యాజమాన్యంలో శిక్షణ ఇస్తుంది. ఉప్పల్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ రాతి కింది నీటిని దశాబ్దాలుగా చదువుతోంది. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ ఫ్లోరైడుకూ తిండికీ ఉన్న సంబంధాన్ని పరిశోధించింది. వాసన్ సంస్థ అనంతపురం ప్రాంతంలో బోర్లున్నవారూ లేనివారూ ఒక ఒప్పందానికి వచ్చి, కొత్త బోర్లు వేయకుండా, ఉన్న బోర్లను గొట్టాలతో కలిపి మెట్ట పంటకు బెట్ట తగిలినప్పుడు ఒక తడి అందరూ పంచుకునే ఏర్పాటు చేయించింది. బెంగళూరులోని అర్ఘ్యం సంస్థ మొదలుపెట్టిన ఇండియా వాటర్ పోర్టల్‌లో వేల వ్యాసాలు ఉన్నాయి. ఇవన్నీ నాకు ఎలా తెలిశాయంటే, పింఛను వచ్చే తీరికలో వెతుక్కున్నాను కాబట్టి. మధ్యాహ్నం మూడు గంటలకు మోటారు గాలి కొట్టడం మొదలుపెడితే, ఆ రైతు వెళ్లేది బోరు బండి ఏజెంటు దగ్గరికే, ఎందుకంటే సెల్‌ఫోను నంబరు గోడ మీద రాసి ఉన్నది వాడిదొక్కడిదే. కొత్త బోరుకు అనుమతి తీసుకోవాలనీ, పక్క బోరుకు తగిన దూరం పాటించాలనీ నీరు, భూమి, చెట్ల రక్షణకు తెచ్చిన 2002 నాటి వాల్టా చట్టం చెబుతోందని ఆ ఏజెంటు చెప్పడు గదా.

అందువల్ల మీ పత్రికకు నా విన్నపాలు ఇవి. ప్రతి నెల మొదటి వారంలో జిల్లా పేజీలో ఒక చిన్న పెట్టె కట్టి, భూగర్భ జల శాఖ ఇచ్చే మండల సగటు మట్టాన్ని అచ్చు వేయండి. మీటర్లతో పాటు అడుగుల్లోనూ వేయండి. పక్కనే నిరుడు ఇదే నెల మట్టం, ఈ నెల పడిన వాన వేయండి. వానలకు ముందు, వానలు ముగిశాక వచ్చే రెండు అంకెలను కాస్త పెద్ద అక్షరాల్లో వేస్తే, ఆ ఏడు రబీకి ఎంత నీరు చేరిందో రైతే తీసివేత వేసుకుంటాడు. మండలం మొత్తానికి ఉండే ఒకటి రెండు పరిశీలక బోర్లు ప్రతి చేను సంగతీ చెప్పలేవని నాకు తెలుసు. గట్టి రాతి నేలలో ఈ గట్టున నీళ్లుండి ఆ గట్టున లేకపోవడం మామూలే. అయినా పోకడ తెలుస్తుంది. ఊరి సంగతి ఊరివాళ్లు కొలుచుకోవాలన్న ఆలోచన ఆ పోకడ చూశాకే పుడుతుంది. అలాగే ఏడాదికి రెండుసార్లైనా, జిల్లాలో నీటి పరీక్ష ఎక్కడ చేస్తారు, నీరు ఏ సీసాలో ఎలా పట్టాలి, రుసుమెంత, ఫలితం ఎన్ని రోజుల్లో ఇవ్వాలి, కాగితంలోని అంకెలను ఎలా చదవాలి అన్నది సంబంధిత శాఖవారినే అడిగి సులభమైన తెలుగులో వివరించండి. ఫలితాల్లో హద్దు దాటిన ఊళ్ల పేర్లు దాచకుండా వేయండి. పరువు పోతుందని అధికారులు వెనకాడవచ్చు, ఆడపిల్లను ఆ ఊరికి ఇవ్వరని పెద్దలూ గొణగవచ్చు. ఫ్లోరైడు ఊళ్లకు ఆ మాట పడడం కొత్త కాదు.

ఇటువంటి పొడి అంకెలు ఎవరు చదువుతారని మీ కార్యాలయంలో ఎవరైనా అనవచ్చు. గుంటూరు మిర్చి యార్డు ధర, కోడిగుడ్ల ధర, బంగారం ధర మీరు రోజూ వేస్తూనే ఉన్నారు. వాటికి కథ లేదు, బొమ్మ లేదు, అయినా అవి లేని రోజున మీకు ఫోన్లు వస్తాయని విన్నాను. అంకె తనకు తగిలేది అయితే చదవని మనిషి ఉండడు. మార్చి 22న ప్రపంచ జల దినోత్సవం నాడు ర్యాలీల ఫొటోలకు కేటాయించే జాగాలో పదో వంతు దీనికి చాలు. పంచాయతీలకూ ఇందులో పని ఉంది. గ్రామ సచివాలయం గోడ మీద పింఛన్ల జాబితా పక్కన, ఊరి మంచినీటి పరీక్ష తేదీ, ఫలితం, ఒక బోరు మట్టం రాయించడానికి ఏ ప్రత్యేక నిధీ అక్కర్లేదు.

నా వంతుగా ఒక పని మొదలుపెట్టాను. పాత టేపు ఒకటి బాగు చేయించుకుని, మా బడి ఆవరణలో ఎండిపోయిందని వదిలేసిన ఆ పాత బోరులో ప్రతి నెలా ఏడో తేదీన నీటిమట్టం కొలుస్తున్నాను. మొదటి నెల టేపు ఎంత దించినా శబ్దం రాలేదు. ఈ వానలకు నీరు మళ్లీ చేరింది. పోయిన వారం కొలిచినప్పుడు 74 అడుగుల దగ్గర గుండు మోగింది. చూడడానికి వచ్చిన పక్క చేను రైతు కాసేపు ఆలోచించి, తన బోరులోనూ ఒకసారి దించమన్నాడు. ఆయనది 91 వచ్చింది. మీరు పెట్టె కట్టే మాటైతే, ఈ రెండు అంకెలూ నెలనెలా మీ విలేకరికి అందజేయడానికి సిద్ధంగా ఉన్నాను.

ఇట్లు,
భవదీయుడు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
కనిగిరి ప్రాంతం, ఉమ్మడి ప్రకాశం జిల్లా.